దొరగారి తుపాకి, మా నాన్న కర్ర

మా నాన్న బర్నబాస్ పేరు ఇంగ్లీషులో రెండే చోట్ల ఉండేది. ఒకటి చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరులో, రెండోది మిషన్ పెద్ద లిండ్ దొరగారి తుపాకి లైసెన్సు పుస్తకంలో. మొదటిది మా తాత రాయించింది కాబట్టి నాన్న దాని గురించి పెద్దగా చెప్పుకునేవాడు కాదు. రెండోది సర్కారు రాసింది. దాని సంగతి మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు.

నిజానికి ఆ పుస్తకంలో నాన్న పేరున్న చోటు చాలా చిన్నది. యజమాని తరఫున తుపాకి పట్టుకుని తిరగడానికి ఫలానా మనిషికి అనుమతి ఉంది అని ఒక గడి. అందులో 'బర్నబాస్, జీపు డ్రైవరు' అని ఉండేది. నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. పుస్తకంలో పేరుంది గనక తుపాకిలో తనకూ వాటా ఉందని దొరగారి దగ్గర పనిచేసిన పదహారేళ్లూ నమ్మాడు. నేను టైపు నేర్చుకుని రేపల్లె మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాక ఆ గడి చదివాను. అర్థం మాత్రం ఆయనకి విడమరిచి చెప్పలేదు. సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు చిన్నబుచ్చాలి అనుకున్నాను. ఆయనకి సగం చెప్పి సగం మింగడం నాకు అప్పుడే అలవాటైందేమో.

పైగా ఆ వాటా ఒట్టి మాటేమీ కాదు. ఒకసారి పిట్టల వేటకెళ్లి, నిజాంపట్నం మడచెట్ల దగ్గర జీపు వెనక్కి తీస్తూ దొరగారే తుపాకి మీదకి ఎక్కించారు. ఇనుముకేం కాలేదు గానీ భుజానికి ఆనించే కర్ర రెండు చీలికలైంది. నాన్న చేతిలో వడ్రంగం ఉంది. పాత చర్చి కూల్చినప్పుడు మిగిలిన టేకు బల్ల ఒకటి తెచ్చి, పద్దెనిమిది రోజులు చెక్కి కొత్త కర్ర బిగించాడు. దొరగారు దాన్ని భుజానికి ఆనించి చూసుకుని, "బర్నబాసూ, ఇకమీదట ఈ తుపాకిలో సగము నీది" అన్నారు. ఆయన అమెరికా నుంచి వచ్చి బైబిలు చదువుకుంటూ తెలుగు నేర్చుకున్న మనిషి. ఆయన నోట ఏ మాటొచ్చినా మాకు వాక్యంలాగే వినిపించేది. మా కొంప ముంచింది అదే.

ఇక చెప్పబోయేది చుండూరులో మావాళ్లని నరికి చంపిన ఏడాది సంగతి. అది మాకు పేపర్లో చదివిన ఊరు కాదు, మా పిన్నిని ఇచ్చిన ఊరికి పక్కది. ఆ ఆగస్టు నుంచి మా పల్లెలో ఆడవాళ్లం పిల్లల్ని తీసుకుని చర్చిలో పడుకునేవాళ్లం. మగవాళ్లు వంతులేసుకుని కర్రలతో, పలుగులతో బయట కూర్చునేవాళ్లు. కాలవ అవతల ఊళ్లో పదకొండు తుపాకులున్నాయి. అన్నీ పంటల కాపలాకని లైసెన్సు తీసుకున్నవి. అక్కడి మోతుబరి చెంచురామయ్యగారైతే ఇంట్లో పెళ్లికీ, దీపావళికీ పేల్చేవారు. మా పల్లెలో ఒక్కటి కూడా లేదు. అప్పటిదాకా ఆ తేడా ఎవరి బుర్రకీ తట్టలేదు. ఆ నెల నుంచి అందరికీ అదే ఆలోచన.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆసుపత్రి ఉత్తరాల మీద సంతకాలకని దొరగారి బంగళాకి వెళ్లాను. వరండాలో దొరగారూ, హన్నమ్మగారూ టీ తాగుతున్నారు. నాన్న మెట్ల మీద కూర్చుని తుపాకికి నూనె రాస్తున్నాడు. వేట ఎప్పుడో మానేశారు. ఆ రోజుల్లో దాని పనల్లా మిషన్ కొబ్బరితోటలో కోతుల్ని బెదిరించడమే.

హన్నమ్మగారు మా ఆసుపత్రి నర్సు, జర్మనీ ఆవిడ. 'అండి' పెడితే మర్యాద అని వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారట. అప్పట్నుంచి రోగులకీ, పాలవాడికీ, ఆవరణలోకి దూరిన మేకకీ కూడా అండి పెట్టేసేవారు.

"ఆ వస్తువు పిల్లలు తిరిగే చోట పెట్టకండి" అన్నారావిడ, తుపాకి వైపు చూడకుండా.

దొరగారు నవ్వారు. "నాకు పదియేండ్లప్పుడు మా తండ్రి నాకు తుపాకి ఇచ్చెను హన్నా. ఇక్కడ సైకిలు ఇచ్చునట్లు. మా దేశమున తుపాకి లేని ఇల్లు గడియ లేని ఇల్లు వంటిది. మనుష్యుడు తన ఇంటిని తాను కాచుకొనవలెను. దానికి ప్రభుత్వమును అడుగనేల?"

"మా దేశంలో అడగాలండి. ముందు పరీక్ష రాయాలండి. ఎందుకో కారణం చెప్పాలండి. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయాలండి. భయంగా ఉంది అని చెప్తే ఇవ్వరండి."

"భయమే కదా కారణము."

"భయపడేవాడి చేతికి అసలు ఇవ్వకూడదండి." ఆవిడ కప్పు కింద పెట్టారు. "యుద్ధం అయిపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లండి. సైనికులు ఇంటింటికీ వచ్చి తుపాకులు పోగుచేశారండి. మా నాన్నది మా అమ్మే తెచ్చి ఇచ్చేసింది. ఆ రోజు ఆవిడ మధ్యాహ్నం పూట నిద్రపోయిందండి. అంతకుముందు ఆవిడ పగలు పడుకోవడం నేను చూడలేదు."

నాన్న గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ వరండాలో ఆయన తనంతట తాను మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"మరి మా సంగతేంటండీ?" అన్నాడు.

హన్నమ్మగారు వెంటనే, "వద్దు బర్నబాస్‌గారండీ. మీకొద్దు, ఎవరికీ వద్దు" అన్నారు.

దొరగారు లేచి నాన్న దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "నీవును మనుష్యుడవే కదా బర్నబాసూ. క్రిస్మసునకు ముందే నేను మా దేశము వెళ్లిపోవుచున్నాను. ఇది నీ ఇంటికే వచ్చును. నీవు దరఖాస్తు పెట్టుము. నేను వ్రాసి ఇచ్చెదను."

నాన్న ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో కనిపించిన అందరికీ చెప్పాలి కదా. నేను పక్కనే నడుస్తూ హన్నమ్మగారిని మనసులో తిట్టుకున్నాను. తాళాలేసిన గేటు, గేటు దగ్గర గూర్ఖా ఉన్న ఆసుపత్రిలో పడుకునే ఆవిడకి మా భయం గురించి ఏం తెలుసు అనిపించింది.

మా అమ్మ ఏసమ్మకి ముందు నచ్చలేదు. "ఏవయ్యా, అది ఇంట్లో ఉంటే వాళ్లు ఊరుకుంటారా? దానికోసమే వస్తారు."

"కాల్చడానికి కాదే. ఉందని తెలియాలి, అంతే. బర్నబాస్ ఇంట్లో ఒకటుందిలే అని కాలవ అవతల ఒక్కడైనా అనుకోవాలి."

"దానికి గుళ్లు కొనాలా?"

"కొనకపోయినా కొన్నట్టే ఉండాలి."

అమ్మ నవ్వింది. ఆ నెలలో ఆవిడ నవ్వడం అదే మొదలు. చర్చిలో చాప పరుచుకునే చోట కూడా ఆడవాళ్లు మా అమ్మకి గోడ వారగా, కిటికీకి దూరంగా చోటు వదలడం మొదలుపెట్టారు. తుపాకి ఇంకా రాలేదు, మర్యాద ముందే వచ్చేసింది. దరఖాస్తు నేనే టైపు చేశాను. పోలీసులు వచ్చి పల్లెలో నలుగుర్ని అడిగి వెళ్లారు. ఎప్పుడొస్తుందమ్మా అని నన్ను ముసలమ్మలు కూడా ఆపి అడిగేవాళ్లు.

అక్టోబరులో హన్నమ్మగారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"ప్రేమకుమారిగారండీ, మీ నాన్నగారి దరఖాస్తు గురించి తెనాలి ఆర్డీవో ఆఫీసు నుంచి మిషన్‌కి కాగితం వచ్చిందండి. దొరగారినీ నన్నూ అభిప్రాయం రాయమన్నారండి. నేను ఇవ్వొద్దని రాస్తున్నానండి. మీకు ముందే చెప్పాలని పిలిచాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంటి మీదకి ఎవరైనా వస్తే మీరొచ్చి అడ్డం నిలబడతారా?" అన్నాను.

"వస్తానండి" అన్నారావిడ.

నమ్మలేదు. ఆ రోజు నుంచి ఆవిడతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ చేసి పంపే కేకు ముక్క టైపు మిషన్ పక్కనే ఎండిపోయేది. దొరగారేమో ఎదురుపడినప్పుడల్లా "నేనును వ్రాసితిని ప్రేమా" అని తల ఊపి వెళ్లేవారు. మిగతా ఉత్తరాలన్నీ నాచేత టైపు చేయించే మనిషి ఈ ఒక్కటీ సొంతంగా రాసుకున్నారంటే నాన్న మీద ఎంత అభిమానమో అనుకుని మురిసిపోయాను. నా అంత తెలివితక్కువది ఆ జిల్లాలో ఇంకొకతి ఉండదు.

నవంబరు చివర్లో తెనాలి నుంచి పిలుపొచ్చింది. నాన్న పెళ్లిళ్లకి కట్టుకునే పంచె కట్టాడు. నాచేత సెలవు పెట్టించి వెంట తీసుకెళ్లాడు. రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, భట్టిప్రోలు దాటగానే, "తుపాకి ఎక్కడ పెడదాం అంటావ్? దూలానికి రెండు కొక్కేలు కొడితే అందరికీ కనిపిస్తుంది" అన్నాడు. వేమూరు వచ్చేసరికి కొక్కేలు ఇనపవా, కర్రవా అని తేల్చుకుంటున్నాడు.

ఆఫీసులో మా ఫైలు చూసే గుమాస్తా జాన్ సైదా అనే పెద్దాయన. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి మమ్మల్ని కూర్చోమన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది. అలాంటి ఆఫీసుల్లో మమ్మల్ని ఊరికే ఎవరూ కూర్చోమనరు.

"రాలేదమ్మా" అన్నాడు నాతో, నెమ్మదిగా. "ఇవ్వొద్దని రెండు ఉత్తరాలున్నాయి. నువ్వు ఇంగ్లీషు చదువుతావుగా. చూసుకో. మళ్లీ మేమేదో చేశామనుకుంటారు."

ఫైలు నా వైపు తిప్పాడు. పైన హన్నమ్మగారి ఉత్తరం. నాలుగే వాక్యాలు. 'బర్నబాస్ దరఖాస్తు తిరస్కరించండి. ఆ ఊళ్లో ఇప్పటికే ఉన్న పదకొండు తుపాకుల లైసెన్సులు కూడా అదే రోజు రద్దు చేయండి. పదకొండూ ఉంచి ఈ ఒక్కటి ఆపితే అది శాంతి కాదు, పక్షపాతం. దయచేసి జవాబు రాయండి.'

"ఈ నర్సమ్మగారికి ఏం జవాబు రాయాలో మా ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ తోచలేదమ్మా" అన్నాడు జాన్ సైదా.

నేను కాగితం తిప్పాను. కింద దొరగారిది. 'బర్నబాస్ ముప్ఫై ఏళ్లలో నేను ఎరిగిన అందరిలోకీ నిజాయితీపరుడు. పదహారేళ్లుగా నా తుపాకి నా చేతిలోకన్నా అతని చేతిలోనే భద్రంగా ఉంది.' ఇంతవరకు మొదటి పేరా. రెండో పేరా ఇలా ఉంది: 'అయినా ప్రస్తుత పరిస్థితుల్లో ఆ పల్లె మనుషుల మధ్యకి ఒక తుపాకి వెళ్లడం వివేకం కాదని నా అభిప్రాయం. వారు దాన్ని ఎలా వాడతారో ఎవరూ చెప్పలేరు. నేను వెళ్లేముందు దాన్ని పోలీసులకు అప్పగిస్తాను. నేనిలా రాసినట్టు బర్నబాస్‌కు తెలియనివ్వవద్దని మనవి.'

పదకొండు తుపాకుల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

నాకు గుర్తొచ్చింది భుజం మీద వేసిన ఆ చెయ్యి. నీవును మనుష్యుడవే కదా.

"ఏం రాశారమ్మా?" నాన్న ముందుకి వంగి అడిగాడు.

"హన్నమ్మగారు ఇవ్వొద్దని రాశారు నాన్నా."

"ఆవిడ ముందే చెప్పిందిగా. దొరగారు?"

జాన్ సైదా కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను మొదటి పేరా తెలుగులో చదివాను. నిజాయితీపరుడు అనే మాట దగ్గర నాన్న మొహం కిటికీ వైపుకి తిప్పుకున్నాడు. రెండో పేరా చదవలేదు. ఫైలు మూసేశాను.

"చాల్లే" అన్నాడు నాన్న. "ఆయన తన మాట నిలబెట్టుకున్నాడు. సర్కారు ఇవ్వకపోతే ఆయనేం చేస్తాడు."

తిరుగు రైల్లో కొక్కేల మాట రాలేదు. పల్లెలో అడిగినవాళ్లందరికీ, "నర్సమ్మ వద్దందంట" అని చెప్పాడు. రెండు రోజులకే ఆసుపత్రికి వచ్చే మా పల్లె ఆడవాళ్లు హన్నమ్మగారికి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది, చెప్పలేదు.

ఆ ఆదివారం నాన్న నిజాంపట్నం వెళ్లి నాలుగు పెద్ద మండపీతలు తెచ్చాడు. దొరగారికి ఇష్టం. బుట్టలో పెట్టుకుని, నన్నూ రమ్మని, బంగళాకి వెళ్లాడు. వద్దు నాన్నా అని రెండుసార్లు అన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను.

వరండాలో సామాన్ల పెట్టెలు సర్ది ఉన్నాయి. నాన్న బుట్ట కింద పెట్టి చేతులు జోడించి నిలబడ్డాడు.

"దొరగారండీ, మీరు రాసింది మా అమ్మాయి చదివి చెప్పిందండి. ముప్ఫై ఏళ్లలో నా అంత నిజాయితీపరుణ్ణి చూడలేదని రాశారంట. తుపాకి రాకపోతే పోయిందండి. ఆ మాట చాలు నాకు. చచ్చేదాకా మర్చిపోనండి."

దొరగారు నా వైపు చూశారు. నేను చదివింది ఎంతో, చెప్పింది ఎంతో ఆయనకి ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. నిజం చెప్పడానికి ఆయనకి అప్పుడు ఎంత వ్యవధి కావాలంటే అంత ఉంది. బుట్టలో పీతలు గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన వంగి బుట్ట అందుకున్నారు.

"దేవుడు నిన్ను దీవించును గాక బర్నబాసూ" అన్నారు, కర్టెన్ వైపు చూస్తూ.

రాసినందుకు నేను ఆయన్ని ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. ఆ దండం పుచ్చుకున్నందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

గేటు దాటి కాలవ గట్టు ఎక్కాం. నాన్న పదహారేళ్లు దొరగారి వెనకే నడిచాడు. దొరగారి తల ఎటు తిరిగితే పిట్ట ఎటుందో చెప్పగలిగేవాడు. వంతెన దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, మిగతా సగం చెప్పు."

చెప్పాను. గట్టు మీద నిలబడి ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. తెలియనివ్వవద్దని మనవి అన్నది కూడా. హన్నమ్మగారి ఉత్తరంలో పదకొండు తుపాకుల మాటా చెప్పాను. నాన్న అంతా విని, "ఆవిణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నాం" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

తుపాకి పోలీసులకి అప్పగించే రోజు, డిసెంబరు రెండో వారం, దాన్ని ఆఖరిసారి తుడిచి తెమ్మని దొరగారు కబురు చేశారు. నాన్న జీపు షెడ్డులో కూర్చుని గంటసేపు తుడిచాడు. నేను వెళ్లేసరికి గుడ్డలో చుట్టి దొరగారికి అందిస్తున్నాడు. ఆయన గుడ్డ విప్పి చూసి తెల్లబోయారు. గొట్టాలూ, ఇనుమూ తళతళ మెరుస్తున్నాయి. భుజానికి ఆనించే కర్ర లేదు.

"బర్నబాసూ, ఇది పూర్తిగా లేదు."

"మీది మీకిచ్చానండి" అన్నాడు నాన్న. "కర్ర నాది. మీరే అన్నారు."

దొరగారి మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "నేను వెళ్లిన తరువాత మీ పల్లెలో శవములు లేవకూడదని వ్రాసితిని. నీ మేలు కోరియే వ్రాసితిని."

నేను ఉండబట్టలేకపోయాను. "తుపాకి లేని ఇల్లు గడియ లేని ఇల్లు అన్నారు కదండి. మనిషి తన ఇంటిని తానే కాచుకోవాలన్నారు కదండి."

"అది మా దేశము ప్రేమా" అన్నారాయన. గొట్టాలకి మళ్లీ గుడ్డ చుడుతూ, "అది వేరు" అన్నారు.

నాన్న పక్కన పెట్టిన కర్రని చంకలో పెట్టుకుని, "వస్తానండి" అని సైకిలెక్కాడు. జీపు తాళాలు షెడ్డు మేకుకి తగిలించి ఉన్నాయి.

ఆ టేకు కర్రని ఆయన రెండు రోజులు రంపం పెట్టి, చిత్రిక పట్టి, మా వీధి తలుపుకి గడియ చేశాడు. అంతకుముందు మా తలుపుకి తాడే ఉండేది. అమ్మ ఆ గడియ పదిసార్లు తీసి పదిసార్లు వేసి చూసుకుంది. క్రిస్మస్ ముందు రోజు నాన్న స్వయంగా వెళ్లి హన్నమ్మగారిని భోజనానికి పిలుచుకొచ్చాడు. ఆవిడ గడియ మీద చెయ్యి రాసి, "బాగుందండి" అన్నారు.

"దీనికి లైసెన్సు అక్కర్లేదు కదండి" అన్నాడు నాన్న.

ఆవిడ నవ్వలేదు. "నా ఉత్తరానికి జవాబు రాలేదండి. మళ్లీ రాశానండి" అన్నారు. ఆవిడ రాస్తూనే ఉన్నారు, కాలవ అవతల పదకొండూ అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరిలో అమెరికా నుంచి దొరగారి ఉత్తరం వచ్చింది. పోస్టుమ్యాన్ ఇచ్చేసరికి నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. చెయ్యి చాపాను. నాన్న కవరు అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఆసుపత్రికమ్మా. హన్నమ్మగారి చేత చదివించుకొస్తా." సైకిలు స్టాండు తీస్తూ, నా మొహం చూసి, మెత్తగా అన్నాడు, "నేను బాధపడతానని నువ్వు అందులో ఉన్నదంతా చదవలేవు. ఆవిడ చదువుతుంది."

ఇప్పుడు నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజూ ఇంగ్లీషు కాగితాలు చదివి ఎవరికో ఒకరికి తెలుగులో చెబుతూనే ఉంటాను. నాన్న బతికున్నన్నాళ్లూ నాతో బాగానే ఉన్నాడు, నా పిల్లల్ని ఎత్తుకుని తిప్పాడు. ఉత్తరం మాత్రం ఒక్కటి కూడా నా చేతికివ్వలేదు.